కాకిపెట్ట లెక్క

మా గోడ అవతల బండ పేలినప్పుడు పెరట్లో కదలనివి రెండే. ఒకటి గంపలో పొదుగు కూర్చున్న కాకిపెట్ట. రెండోది నా బిడ్డ పింకీ.

మిగతా కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ రేకుల మీదికి ఎగిరాయి. వీధి కుక్క మోరీ కాలువలోకి దూరింది. నా చేతిలో చాట జారి నూకలు మట్టిపాలయ్యాయి. పింకీ మాత్రం కూర్చున్న చోటే కూర్చుని ఒక నల్ల ఈకను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఉంది. ఉలిక్కిపడలేదు. ఏడవలేదు. తల కూడా ఎత్తలేదు.

"పింకీ!" అని పిలిచాను. గాజులు గలగలమనిపించాను. దగ్గరికెళ్లి చెవి పక్కన చప్పట్లు కొట్టాను. నా బిడ్డకు రెండో ఏడు నడుస్తోంది, ఇంకా ఒక్క మాటా రాలేదు. కానీ ముందు రోజు వరకు నా గాజుల చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా తిరిగి నవ్వేది. ఇప్పుడు నా ముఖంలోకి చూసి, నా వెనక ఇంకెవరో ఉన్నట్టు పక్కకి వంగి చూసింది. నా వెనక ఉన్నది కోళ్ల గంప ఒక్కటే.

మాది పుప్పాలగూడలో పాత ఇల్లు. మా మామ సాయిలు పోయాక చుట్టుపక్కల వాళ్లంతా స్థలాలు బిల్డర్లకిచ్చి వెళ్లిపోయారు. మా అత్త కనకలక్ష్మి ఒక్కతే మొండికేసి పెరడు నిలుపుకుంది. మూడు పక్కలా అపార్ట్‌మెంట్లు. నాలుగో పక్క కొత్త టవర్ కోసం తవ్వుతున్న గుంత. సాయంత్రం అసలు ఎండ ఉండగానే గుంత అవతల ఉన్న అద్దాల టవర్ మీంచి ఇంకో ఎండ వచ్చి మా పెరట్లో పడుతుంది. ఆ కాసేపూ ప్రతిదానికీ రెండు నీడలుంటాయి. పెళ్లై వచ్చిన కొత్తలో నాకది తమాషాగా ఉండేది. బిడ్డ పుట్టాక ఆ వేళకి పింకీని లోపలికి తెచ్చేసుకునేదాన్ని. ఎందుకంటే చెప్పలేను. రెండు నీడల్లో ఏది తనదో పిల్లకి తెలియదేమో అనిపించేది.

ఆ ఎండాకాలం కాకిపెట్ట పొదుగుకొచ్చింది. ఒళ్లంతా నలుపు, కాళ్లు కూడా నలుపే. అత్తమ్మ గంపలో ఊక పోసి, పైన గడ్డి పరిచి, గుడ్లను ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపి చూసి పేర్చింది. అంతలో గుంతలో బండ పేల్చబోతున్నారని సైట్ వాళ్లు వచ్చి చెప్పి వెళ్లారు.

"గుడ్ల కింద ఒక ఇనుప ముక్క వెట్టు పిల్లా, జల్ది" అంది అత్తమ్మ. "ఉరిమినా, పేల్చినా లోపలి పానం బెదరదు. స్టీలు గాదు మళ్ల. ఇనుమే."

నేను ఇల్లంతా వెతికాను. గిన్నెలు స్టీలువి, బకెట్లు ప్లాస్టిక్‌వి, దోసెల పెనం కూడా నాన్‌స్టిక్‌ది. మా ఇంట్లో ఇనుమన్నదే లేదు. సైరన్ మొదలైంది. కూలీలు ఎర్రజెండాలు పట్టుకుని పరుగెడుతున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, పింకీ దిండు కింద బండి శీల.

మామ వాళ్లకు ఎడ్లబండి ఉన్నప్పుడు చక్రం ఊడిపోకుండా ఇరుసుకు గుచ్చిన శీల అది. జానెడు ఉంటుంది. బండి పోయింది, ఎడ్లు పోయాయి, శీల మిగిలింది. ఈ ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా నోట "అమ్మా" అనే మాట వచ్చేదాకా దాని తల కింద ఆ శీల ఉండాల్సిందే. నా భర్త దినేశ్ కూడా దాని మీద పడుకుని పెరిగినవాడే.

పేలుడు అయిపోగానే తీసేద్దామనుకున్నాను. శీల తెచ్చి గంపలో చెయ్యి పెట్టాను. ఎవరు చెయ్యి పెట్టినా రక్తం వచ్చేలా పొడిచే కాకిపెట్ట ఆ రోజు పొడవలేదు. కాస్త పైకి లేచి చోటిచ్చింది. శీల గుడ్ల మధ్యకు జారగానే మళ్లీ కూర్చుని, ఒక కన్నుతో నన్ను చూసింది.

ఆ తర్వాతే బండ పేలింది. పింకీ తల ఎత్తనిది అప్పుడే.

శీల తీయబోతే కాకిపెట్ట ఈసారి చెయ్యంతా చీరేసింది. సర్లే, ఇనుము ఇనుమే కదా అనుకుని సైట్ పక్కన పడి ఉన్న కడ్డీ ముక్క ఒకటి తెచ్చి కడిగి పింకీ దిండు కింద పెట్టాను.

దినేశ్ ఆఫీస్ క్యాబ్ నడుపుతాడు. పింకీ తిరగడం లేదని ఏడిస్తే, "పరేషాన్ గాకే, ఆడుకుంటుండొచ్చు" అన్నాడు. తర్వాత తనే పిల్ల వెనక నిలబడి స్టీలు పళ్లెం కింద పడేశాడు. పింకీ తిరగలేదు. పళ్లెం గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

కొండాపూర్‌లో చెవుల దవాఖానకు తీసుకెళ్లాం. పింకీని నిద్రపుచ్చి, తలకి వైర్లు అంటించి, కంప్యూటర్‌లో గీతలు చూశారు. చెవిటిదని చెప్తారేమోనని నేను పింకీ పాదం పట్టుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ నవ్వింది.

"చెవులు చాలా బాగున్నాయమ్మా. మీకన్నా నాకన్నా బాగా వినిపిస్తోంది పాపకి."

"మరి పిలిస్తే పలకదేంటి మేడం?"

"అది వేరే సంగతి. కొన్నాళ్లు గమనించి మళ్లీ తీసుకురండి. పాప ఏ శబ్దానికి తిరుగుతోందో చూస్తూ ఉండండి."

దేనికి తిరుగుతోందో ఇంటికి రాగానే తెలిసింది.

ఆటో దిగి పింకీని వాకిట్లో నిలబెట్టాను. పెరట్లోంచి కాకిపెట్ట గొంతు వినిపించింది. పెద్ద అరుపు కాదు. పొదుగు కోడి గుడ్లతో మాట్లాడే గుసగుస లాంటి శబ్దం. పింకీ ముఖం వెలిగింది. ఇంకా సరిగా నడవడం రాని పిల్ల, గోడ పట్టుకుని తడబడుతూ వెళ్లి గంప పక్కన కూర్చుంది. కాకిపెట్ట ఆపితే తానూ కదలదు. అది మళ్లీ గొణిగితే తల ఊపుతుంది.

నా బిడ్డకు వినిపిస్తోంది! నేను గట్టిగా నవ్వాను, పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను. "పింకీ, అమ్మనే, ఇటు చూడు!" అన్నాను. చూడలేదు. ఎవరూ లేరని నిర్ధారించుకుని నేనూ కోడిలా గొణిగాను. నా గొంతు నాకే సిగ్గనిపించింది. పింకీ చూడలేదు. కాకిపెట్ట చూసింది.

అప్పటినుంచి పింకీ పొద్దంతా గంప దగ్గరే. ఎత్తుకుంటే ఏడవదు, బిగుసుకుపోతుంది. దించితే అక్కడికే పోతుంది. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే కావ్య గుడ్ల కోసం వచ్చింది. కడప వైపు వాళ్లు, ఆమె ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని.

"గుడ్లు లేవా ప్రశాంతీ ఈ వారం? అన్నీ పొదగేసినారా?" అని, పింకీని చూసి మురిసిపోయింది. "అబ్బ, ఎంత బుద్ధిగా కూర్చోనుంది! మా వాడు ఒక్క నిమిషం కుదురుగా ఉండడు. నీ బిడ్డ అచ్చం కోడిపిల్ల మాదిరే ఉందే!"

"అట్లనకక్కా" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. కావ్య నా వంక వింతగా చూసి, ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది.

మూడో వారం నడుస్తుండగా ఒక మధ్యాహ్నం గుడ్ల లోపలినుంచి పిల్లల గొంతులు మొదలయ్యాయి. అది మామూలే. పెంకు పగలకముందే పిల్లలు కీచుమంటాయి, తల్లి జవాబిస్తుంది. అయితే ఆ రోజు గంప ఇవతలినుంచి కూడా ఒక కీచు వినిపించింది. పింకీ చెంప గంపకు ఆనించి, పెదాలు ముందుకు చాచి, సన్నగా కీచుమంటోంది. పుట్టినప్పటినుంచి నేను ఎదురుచూసిన గొంతు అది. గుడ్లు జవాబిచ్చాయి. కాకిపెట్ట అందరికీ కలిపి ఒకటే జవాబిచ్చింది.

పింకీని లాక్కుని లోపలికొచ్చేసరికి అత్తమ్మ పక్కబట్టలు దులుపుతోంది. ఆమె చేతిలో కడ్డీ ముక్క.

"పొల్ల దిండు కింద ఈ కడ్డీ ఏందే? శీల ఏది?"

"గంపల ఉంది అత్తమ్మా."

"ఏ గంపల?"

"కాకిపెట్ట కింద. పేల్చేటప్పుడు చేతికి అదే దొరికింది. తీద్దామంటే తీయనియ్యలే."

అత్తమ్మ గడప మీద కూలబడింది. కాసేపు పింకీనే చూసింది.

"ఎంత పని జేసినవే ప్రశాంతీ. పుట్టిన కాడి నుంచి పొల్ల తల కింద ఉన్న ఇనుమది. పొల్ల వాసన పట్టింది దానికి. కోడి కండ్లతోని లెక్కవెడ్తదనుకున్నవా? కడుపుతోని లెక్కవెడ్తది. దాని కడుపు కింద ఏముంటే అది దాని పిల్లనే."

"ఇప్పుడే పోయి తీసేస్తా."

"నడుమల తీస్తే పొదుగు చెడ్తది. లోపలున్నయి లోపల్నే పోతయి. మన పొల్ల గూడ ఆ లెక్కలనే ఉన్నదిప్పుడు. తీస్తవా?"

నా చేతులు పింకీ చుట్టూ బిగుసుకున్నాయి. "మరి ఎట్ల?"

"అన్నీ పిల్లలై లేవాలె. ఆఖరి గుడ్డు లేస్తే పొదుగు తీరినట్టు. అప్పుడు ఇనుము తీస్కోవచ్చు. అందాక గుడ్డును, ఇనుమును ఇడదియ్యొద్దు. ఇంకోటి ఇను. అందాక ఆ శీలను ఎవ్వలూ ఒంటికి తాకిచ్చుకోవద్దు. తాకిచ్చుకున్నోళ్లను గూడ లెక్కల ఏస్కుంటది. మల్ల ఇనుము తీసినా ఇడిసిపెట్టదు."

దినేశ్‌కి చెప్తే నవ్వాడు. "అమ్మకైతె పని లేదు, నీకేమైందే? సదువుకున్నదానివి."

"తొమ్మిదిల ఆపిన్రు" అన్నాను.

"గా తొమ్మిదన్న అక్కరకు రావాలె గదా" అని పింకీని ఎత్తుకోబోయాడు. పింకీ అతని చేతి కిందనుంచి మెడ వంచి, అచ్చం కోడిపిల్ల జారుకున్నట్టే జారుకుంది. దినేశ్ నవ్వు ఆగిపోయింది. ఆ రోజు డ్యూటీకి పోతూ కోళ్ల గంప వైపు చూడకుండా పోయాడు.

మర్నాడు గుడ్లు ముక్కు పెట్టాయి. పెంకుల్లో చిన్న చిన్న తొర్రలు, వాటిల్లో కదిలే ముక్కులు. సాయంత్రానికి తడి ఈకల పిల్లలు ఒక్కొక్కటే తల్లి రెక్కల కిందనుంచి తొంగిచూశాయి. మరుసటి రోజు పొద్దున కాకిపెట్ట వాటిని తీసుకుని గంప దిగింది. నేలను గీరింది, నూకలు చూపించింది. తర్వాత పిల్లలన్నిటినీ వెంటేసుకుని తిన్నగా మా గడప ముందుకొచ్చి నిలబడి పిలిచింది.

పింకీ నా ఒళ్లోంచి దిగి వెళ్లింది. కాకిపెట్ట ఒక నూక గింజను ముక్కుతో ఎత్తి, పింకీ పాదం దగ్గర వేసింది. పింకీ చేత్తో తీసుకోలేదు. వంగి, పెదాలతో అందుకుంది.

"పింకీ!" అని పరిగెత్తాను. అదే సమయానికి అద్దాల టవర్ మీంచి గద్ద నీడ ఒకటి పెరట్లోకి జారింది. కాకిపెట్ట గొంతు మారింది. పొడుగ్గా, బరువుగా ఒక కేక. పిల్లలన్నీ రెక్కల కిందికి దూరాయి. వాటితో పాటు పింకీ కూడా నేలమీద బోర్లా పడి, తల కాకిపెట్ట పొట్ట కింద పెట్టి, ఊపిరి బిగబట్టింది. గద్ద వెళ్లిపోయింది. నేను పింకీని లాగబోయాను. కాకిపెట్ట మెడ ఈకలు నిక్కబొడుచుకుని నా చేతుల మీద, ముఖం మీద పడి పొడిచింది. పింకీ దాని కింద ఇంకా లోపలికి ముడుచుకుంది. నా బిడ్డ భయంతో వణుకుతోంది. నన్ను చూసే వణుకుతోంది.

అత్తమ్మ చీపురు పట్టుకుని వచ్చి కోడిని అదిలించాక గానీ పింకీ నా చేతికి రాలేదు. తలుపేసి గొళ్లెం పెట్టి, ఇద్దరం గంప దగ్గరికెళ్లాం. పెంకుల మధ్య ఒక గుడ్డు మిగిలి ఉంది. పక్కనే శీల.

అత్తమ్మ గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంది. "ఉన్నదే. లోపల పానమున్నది. తల్లి ఇడిసిపెట్టింది గని ఇది ఇంక ఇడువలే. సల్లవడ్తాంది, జల్ది ఏమన్న జెయ్యాలె."

రాత్రి డ్యూటీ చేసి పడుకున్న దినేశ్ లేచొచ్చి బల్బు కింద పెడదామన్నాడు. వైరు లాగి గుడ్డు మీద బల్బు వేలాడదీశాడు. గది నిండా తెల్లటి వెలుగు. బల్బు కింద చెయ్యి పెడితే వేడి లేదు. అన్నీ ఎల్ఈడీ బల్బులే ఇప్పుడు. వేడి పుట్టించే పాత బల్బు మా వీధి దుకాణాల్లో ఎక్కడా దొరకలేదు.

"నేను కట్టుకుంటా తియ్" అంది అత్తమ్మ. "ముసల్దాన్ని, లెక్కలవడితె పడ్త." గుడ్డును, శీలను కొంగులో చుట్టి బొడ్డు దగ్గర పెట్టుకోబోయింది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆ ఎండల్లో కూడా మంచులా ఉన్నాయి.

"నీ ఒంట్ల వేడి ఏడున్నది అత్తమ్మా?"

"మరి నీకు జెప్పిన గదనే..."

"చెప్పినవు. యాదికున్నది." మూసిన తలుపు లోపల పింకీ గోళ్లతో గీరుతోంది. ఏడుపు లేదు, గీరడమే. "నా బిడ్డ నాకు గావాలె."

మెత్తటి గుడ్డలో గుడ్డును, శీలను కలిపి చుట్టి, నడుముకు చీర లోపల ఒంటికి తగిలేలా కట్టుకున్నాను. శీల మొదట చల్లగా తగిలింది. తర్వాత నా ఒళ్లూ అదీ ఒకటే వేడి అయిపోయాయి.

వంగలేదు, పక్కకి తిరిగి పడుకోలేదు. గోరువెచ్చని నీళ్లతో వేళ్లు తడిపి పెంకును తడిచేశాను. సైరన్ మోగినప్పుడు మూలకు కూర్చుని, పొట్ట చుట్టూ రెండు చేతులూ వేసుకుని కళ్లు మూసుకున్నాను. బండ పేలింది, ఇల్లు అదిరింది. లోపల గుడ్డు కదిలింది. పింకీ కడుపులో ఉన్నప్పుడు మొదటిసారి కదిలినట్టే, అదే చోట. బయట కాకిపెట్ట ఎక్కడ తిరుగుతున్నా నాకు తెలుస్తూ ఉంది. నీళ్ల తొట్టి దగ్గరుంది, గోడ పక్కకొచ్చింది అని చూడకుండానే తెలిసేది. దాని గురించి అప్పుడు ఆలోచించలేదు.

రెండో రోజు మధ్యాహ్నం పెంకు చిట్లింది. చేత్తో ఒలిస్తే చచ్చిపోతుందని అత్తమ్మ నా చేతులు పట్టుకునే కూర్చుంది. పిల్ల తనంతట తానే పెంకు తోసుకుని, నా పొట్ట మీద తడిగా, వేడిగా బయటపడింది. కాకిపెట్టలాగే నల్లది. కళ్లు తెరిచి నన్ను చూసి కీచుమంది.

మూలన గోడకు తిరిగి కూర్చున్న పింకీ ఆ కీచు వినగానే ఇటు తిరిగింది. కోడిపిల్లను చూసింది. తర్వాత నా ముఖం చూసింది. ఎవరినో చాలా రోజుల తర్వాత చూసినట్టు, వెతుక్కుంటూ చూసింది. నెమ్మదిగా వచ్చి కోడిపిల్లను పక్కకి తోసి, ఆ చోట్లో తల పెట్టింది.

"అమ్మా" అంది.

అత్తమ్మ నోరు కొంగుతో మూసుకుంది. దినేశ్ నిద్ర లేచి వచ్చి "ఇంకోసారి అను, ఇంకోసారి అను బిడ్డా" అంటూ నేల మీద కూర్చుండిపోయాడు. పింకీ అంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అంది. పింకీకి మాట వచ్చింది గనుక అత్తమ్మ శీలను పసుపు నీళ్లతో కడిగి, దిండు కింద కాకుండా గోడ గూట్లో పెట్టింది. పొదుగు తీరిందంది.

సాయంత్రం కోడిపిల్ల ఆరి దూదిలా అయ్యింది. పెరట్లో వదిలితే తల్లి దగ్గరికి ఉరికింది. కాకిపెట్ట దాన్ని ఒకసారి వాసన చూసినట్టు చూసి, రెక్క ఎత్తి లోపలికి తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది. దానివి దానికి, నాది నాకు అనుకున్నాను. పింకీని ఒళ్లో వేసుకుని గడప మీద కూర్చున్నాను. అత్తమ్మ పొయ్యి దగ్గరికి, దినేశ్ డ్యూటీకి వెళ్లిపోయారు.

అద్దాల మీంచి రెండో ఎండ పెరట్లో పడింది. పిల్లలన్నీ కాకిపెట్ట కిందికి చేరాయి. అయినా అది పూర్తిగా కూర్చోలేదు. ఒక పక్క రెక్క ఎత్తే ఉంచింది. గడప వైపు చూసి పిలిచింది.

నేను గబుక్కున పింకీ చెవులు మూశాను. అవసరం లేకపోయింది. పింకీ తల కూడా తిప్పలేదు, నా గాజులు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటీ జరుపుతూ ఆడుకుంటోంది.

కాకిపెట్ట మళ్లీ పిలిచింది.

నూకలు దొరికాయంది. గద్ద పోయిందంది. ఇక్కడ వెచ్చగా ఉందంది. అవన్నీ అంటోందని నాకెలా తెలిసిందో నాకు తెలియదు.

పింకీని ఒళ్లోంచి దించిన గుర్తు లేదు. పాదాల కింద మట్టి తగిలింది. నా నీడలు రెండూ నాకన్నా ముందే దాని దాకా సాగి ఉన్నాయి. నడుము దగ్గర, శీల ఉన్న చోట, ఇంకా వెచ్చగా ఉంది.

"అమ్మా" అంది పింకీ వెనకనుంచి.

వినబడింది. నా చెవులు బాగానే ఉన్నాయి. చాలా స్పష్టంగా వినబడింది.

"అమ్మా!"

నా బిడ్డ గొంతే. ఇన్నాళ్లూ నేను దేవుళ్లందరినీ అడిగిన మాటే. తిరగాలి, ఒక్కసారి తిరిగితే చాలు అనుకుంటూనే ఉన్నాను. ఎత్తిన రెక్క కింద నల్లటి ఈకల్లో ఒక్కరికి చోటు ఖాళీగా ఉంది. నేను మోకాళ్ల మీదికి వంగాను.